గోడౌన్ బదులు పలికిన రోజు

మా అబ్బాయి గోడౌన్ మధ్యలో నిలబడి "ఓయ్" అన్నాడు. ఎదురుగా ఉన్న గోడ కూడా "ఓయ్" అంది.

వాడు ఎగిరి గంతేశాడు. వాడి అక్క పరుగెత్తుకొచ్చి తన పేరు తనే గట్టిగా అరిచింది. గోడ ఆ పేరులో సగం మింగి సగం తిరిగిచ్చింది. ఇక ఇద్దరికీ పట్టపగ్గాల్లేవు. లోపల ఎవరో ఒకాయన ఉన్నాడని, తమతో ఆడుతున్నాడని తేల్చేసుకుని, "అన్నం తిన్నావా?", "నీకు ఎక్కాలు వచ్చా?" అని అడగడం మొదలుపెట్టారు. చర్చి నుంచి వచ్చి మా ఆయనకు క్యారియర్ పట్టుకెళ్ళిన ఆదివారం మధ్యాహ్నం అది. నేను క్యారియర్ కింద పెట్టి అలాగే నిలబడిపోయాను.

సరుకున్న గోడౌన్ బదులు పలకదు. ఎంత అరిచినా ఆ అరుపును బస్తాలూ అట్టపెట్టెలూ తాగేస్తాయి. పెళ్ళై వచ్చినప్పటి నుంచి ఆ రేకుల కింద నా గొంతు తిరిగి నాకు వినపడింది లేదు. చుట్టూ చూస్తే ఏ మార్పూ కనపడలేదు. లైట్లు వెలుగుతున్నాయి, ఇనప అరలు బారుగా నిలబడే ఉన్నాయి, కింది అరల్లో పార్సిళ్ళు కూడా ఉన్నాయి. పై అరల వైపు మాత్రం చాలా రోజులుగా ఎవరూ తలెత్తి చూడలేదు. కళ్ళు పట్టుకోలేనిది చెవులు పట్టుకున్నాయి.

"ఏవండీ, గోడౌన్ ఖాళీ అవుతోంది" అన్నాను.

మా ఆయన ముద్ద కలుపుకుంటూ నవ్వారు. "ఆదివారం కదే. సరుకు తక్కువుంటుంది."

"కరోనాలో ఆదివారాలే కదండీ లారీలు ఎక్కువ వచ్చింది?"

"నువ్వు పిల్లాడు తుమ్మితే న్యుమోనియా అనే మనిషివి. అన్నం తిననీ."

ఆ మాటా నిజమే. నా భయాల్లో నూటికి తొంభై ఉత్తివే. ఇది మాత్రం మిగిలిన పదిలోది. నెల తిరక్కుండానే పార్సిళ్ళ కంపెనీ వాళ్ళు ఖాళీ చేస్తున్నామని చెప్పారు.

మా గోడౌన్ విజయవాడ దాటి పామర్రు వైపు వెళ్ళే రోడ్డు మీద, కాలవకు ఎదురుగా ఉంటుంది. ఇల్లు దాని వెనకే. మా మావయ్యగారు వయసులో ఉండగా ధాన్యానికీ మినుములకీ కట్టించారు. కరోనా వచ్చాక ఆ ఆన్‌లైన్ పార్సిళ్ళ కంపెనీ మొత్తం కావాలని అడిగితే, రైతుల బస్తాలకు చోటు లేదని చెప్పేసి ఇచ్చేశాం. లోకమంతా తలుపులు వేసుకున్న రోజుల్లో మా తలుపులు మూతపడలేదు. జుట్టు కత్తిరించుకునే మిషన్లు, పిల్లల క్లాసులకు హెడ్‌ఫోన్లు, శానిటైజర్ డబ్బాలు, కుక్కర్ గ్యాస్కెట్లు, అన్నీ మా రేకుల కింద నుంచే ఇళ్ళకు వెళ్ళాయి. బీకాం చదివాను కాబట్టి కంప్యూటర్ పని నేనే చూసుకున్నాను. ఒళ్ళో పసివాడు, మొహానికి మాస్కు, లోపలికొచ్చే ప్రతి పెట్టె మీదా అనుమానం.

తర్వాత జనం మళ్ళీ బజారుకెళ్ళడం మొదలుపెట్టారు. బీసెంట్ రోడ్డులో మళ్ళీ భుజాలు రాసుకుంటూ నడుస్తున్నామని సంబరపడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ సంబరమే మా అరల్ని ఖాళీ చేస్తోందని తట్టలేదు. కంపెనీ వాళ్ళు ఊళ్ళ దగ్గరున్న గోడౌన్లన్నీ వదిలేసి హైవే పక్కన ఒకే ఒక పెద్ద షెడ్డు కట్టుకున్నారు. వాళ్ళ అరలు విప్పి తీసుకెళ్ళారు. నేల మీద పసుపు గీతలూ, ఒక మూల కొన్ని ప్లైవుడ్ చెక్కలూ మిగిలాయి.

మావయ్యగారు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, ఆ గీతల మీదుగా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచారు.

"క్రిస్మస్ దాకా చూద్దాం. అప్పటికి నిండితే ఉంచుకుందాం. లేకపోతే ఈ స్థలం ప్లాట్లు వేస్తానని అడుగుతున్న ప్లాట్లాయనకి మాటిచ్చేస్తాను. ఖాళీ గోడౌన్ని ఎలకలు తప్ప ఎవరూ కాపాడరు" అన్నారు.

ఆయన మీద నాకు కోపం రాలేదు. కట్టించిన చేత్తోనే పడగొట్టించే మాట అనడానికి ఎంత కష్టపడి ఉంటారో ఆయన మెడ నరాల్లో కనపడింది. మా ఆయన సైకిల్ నేర్చుకున్నది ఆ బస్తాల వరసల మధ్యే. గోడౌన్ పోతే హైదరాబాద్ వెళ్ళి ఏదో ఒక కంపెనీ షెడ్డులో సూపర్‌వైజర్‌గా చేరాలి. నాకు అది తెలుసు, ఆయనకూ తెలుసు. అందుకే ఆ విషయం ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

ఆయన పెద్ద పెద్ద కంపెనీల చుట్టూ తిరిగారు. కప్పు ఎత్తు చాలదని ఒకరు, లారీ తిరగడానికి జాగా చాలదని ఒకరు. కంపెనీ వచ్చినప్పటి నుంచి ఇంట్లో అలవాటైన పద్ధతి ఒకటే: గోడౌన్‌కి ఒక మనిషి, ఒక తాళం. అలాంటి ఒక్క మనిషి కోసమే మేం కుటుంబ ప్రార్థనలో కూడా అడుగుతూ వచ్చాం.

పిల్లలు మాత్రం ఖాళీ గోడౌన్‌ని బాగా వాడుకున్నారు. బడి నుంచి రాగానే "లోపలాయన్ని" పలకరించి, పసుపు గీతలకు సుద్దతో మరికొన్ని గీతలు కలిపి తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళు. ఒక సాయంత్రం ఇద్దరూ జుట్లు పట్టుకునేదాకా వెళ్ళారు.

"ఇది నా గడి. నువ్వు కాలు పెట్టకూడదు!"

"నిన్న నీది. ఇవాళ నాది. బిళ్ళ పడిందిగా!"

వాళ్ళను విడదీయడానికి వెళ్ళినదాన్ని, ఆ గళ్ళ వైపు చూస్తూ ఉండిపోయాను. ఒకే నేల, గళ్ళు చాలా. నిన్న ఒకరిది, ఇవాళ ఒకరిది. మనం ఒక మనిషి కోసమే ఎందుకు చూస్తున్నాం?

ఆ రాత్రే మా ఆయనతో అన్నాను. "ఒక గోడౌన్‌లో పది తాళాలా? నాన్న వింటే నవ్వుతారు" అన్నారు. అయినా గేటు మీద బోర్డు మార్చనిచ్చారు: చిన్న సరుకుకు కూడా చోటు ఇవ్వబడును.

మొదట వచ్చింది బందరు అవతల సముద్రపు పల్లె నుంచి ఒకావిడ. ఎండుచేపల వ్యాపారం. బస్సు దిగి, చీర కుచ్చిళ్ళు దులుపుకుని, లోపలికి తొంగిచూసింది.

"ఇదంతా అద్దెకిస్తారంట గదా?"

"మొత్తం కావాలాండీ?"

"మొత్తం ఏం చేసుకుంటానమ్మాయ్, సముద్రాన్ని తెచ్చి పెట్టుకుంటానా? ఒక మూల చాలు."

లాక్‌డౌన్‌లో సంతలు మూతపడినప్పుడు వాళ్ళమ్మాయి నెత్తళ్ళ ఫొటోలు, రొయ్యపప్పు ఫొటోలు ఫోన్‌లో పెట్టిందట. ఎక్కడెక్కడి వాళ్ళో అడగడం మొదలుపెట్టారు. ఇప్పుడు సంతలు తెరిచినా ఆ అడిగేవాళ్ళు మానలేదు. "సంతకీ పోవాలి, ఫోనుకీ పలకాలి. మా పల్లెలో వాయుగుండం పట్టిందంటే గోడలే చెమరుస్తాయి, ఇంక సరుకేం నిలుస్తాది?" అంది. పొడి నేల, పైన కారని రేకు, దగ్గర్లో కొరియర్. ఆవిడకు కావలసినవి అవి మూడే. చివరి గడి, ఉత్తరం వైపు విడిగా తలుపున్నది, ఆవిడకిచ్చాను. మూతలు బిగిసే డ్రమ్ముల్లో సరుకు దిగింది. ప్యాకెట్లు చేసే చిన్న మిషన్ దిగింది. నేను ఆవిడను పిన్నిగారూ అనడం మొదలుపెట్టాను.

నాలుగు వారాలు బాగానే గడిచాయి. తర్వాత ప్యాకెట్లు బయటకు వెళ్ళడం ఒక్కసారిగా ఆగిపోయింది. మిషన్ మీద గుడ్డ కప్పేశారు. నా చెవిలో మళ్ళీ ఆ "ఓయ్" వినపడింది. ఒక పూట ఓర్చుకున్నాను, రెండో పూట నా వల్ల కాలేదు.

"పిన్నిగారూ, ఉన్నమాట చెప్పండి. ఆర్డర్లు ఆగిపోయాయి కదా. మీరూ ఖాళీ చేస్తారా?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఇది ఏ నెలమ్మా?"

"నవంబరు."

"అది మీ చర్చి కేలండర్లో. మా ఇళ్ళల్లో కార్తీకం! పొద్దున్నే కృష్ణలో మునిగి దీపాలొదిలినోళ్ళు మజ్జాన్నం నెత్తళ్ళ పులుసు పోసుకుంటారా?"

సిగ్గేసింది. చిన్నప్పటి నుంచీ పక్కింటి వాళ్ళ కార్తీక దీపాలు చూస్తూ పెరిగినదాన్నే. ఆ నెలంతా వాళ్ళు మా ఇంట్లో చేపల కూర ముట్టరనీ తెలుసు. కానీ ఆ దీపాలకూ ఈ డ్రమ్ములకూ ముడి వేసుకోలేదు.

"మరి అమ్ముడుపోదని తెలిసీ ఇంత సరుకు ఎందుకు దింపారండీ?"

"అమ్ముడుపోదనే గదమ్మా దింపింది! అమ్ముడుపోయే సరుక్కి గోడౌనెందుకు, గంప చాలదా?" అని, నవ్వు ఆపుకోలేక డ్రమ్ము మీద చేత్తో కొట్టింది.

ఆవిడ వెళ్ళాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. పార్సిళ్ళ కంపెనీ దగ్గర నేను నేర్చుకున్న చదువు ఒకటే, సరుకు కదలాలి, నిలబడితే నష్టం. వాళ్ళ సరుకుకు అది నిజం. మా గోడౌన్‌కు మాత్రం ఒకళ్ళ సరుకు నిలబడి ఉండటమే తిండి. అందరి సరుకూ ఒకేసారి నిలబడదు, ఒకేసారి కదలదు. ఈ డెల్టాలో ఒకరి ఉపవాసం రోజుల్లో ఇంకొకరి అంగడి కిటకిటలాడుతుంది. కార్తీకంలో చేప నిలబడితే, క్రిస్మస్‌కు చీర పరుగెత్తుతుంది. వరి కోతలయ్యేసరికి మినుము విత్తనం వెళ్ళిపోతుంది. మూఢంలో పెళ్ళి కుర్చీలు మూల పడుంటాయి.

ఆ తర్వాత గేటు దగ్గరకొచ్చిన ప్రతివాళ్ళనూ నేను అడిగిన మొదటి ప్రశ్న, "మీది ఎప్పుడు అమ్ముడుపోదు?"

షామియానాల ఆయన ముందు మొహం మాడ్చుకున్నాడు. "అదేంటండీ, అపశకునంలాగా!" తర్వాత గేటుకు చేరగిలబడి వరసగా చెప్పాడు: ఆషాఢం, శూన్యమాసం, మూఢాలు. విత్తనాల వ్యాపారి చెప్పాడు. కూచిపూడిలో నాట్యం డ్రెస్సులు అద్దెకిచ్చే ఆయన కూడా, పిల్లల పరీక్షల నెలల్లో ఒక్క గజ్జె కూడా గడప దాటదని చెప్పాడు. కంపెనీ వదిలేసిన ప్లైవుడ్ చెక్కలకు ఇనప ఫ్రేములు, కింద చక్రాలు వెల్డింగ్ చేయించాం. ఒకరి గడి తగ్గితే గోడను తోస్తాం, పక్కవారి గడి పెరుగుతుంది. మొదటిసారి ఆ గోడ తోసింది మా ఆయనే. సైకిల్ నేర్చుకున్నప్పుడు కూడా ఆయన మొహం అంత వెలిగి ఉండదు.

మధ్యలో మాత్రం పెద్ద గడి ఒకటి ఖాళీగానే ఉంది. పిల్లల "లోపలాయన" ఇంకా పలుకుతూనే ఉన్నాడు, కాకపోతే గొంతు కాస్త తగ్గింది. క్రిస్మస్ దగ్గరపడుతోంది.

అప్పుడు మంగళగిరి నుంచి నా ఈడు అమ్మాయి ఒకామె వచ్చింది. ఇంట్లో మగ్గాలున్నాయి. కరోనాలో ఫోన్‌లో లైవ్ పెట్టి చీరలమ్మడం మొదలుపెడితే, ఇప్పుడు మంచాల కిందా, మేడ మెట్ల మీదా చీరలేనట. గడి చూసి ఎంతో సంతోషించింది, తర్వాత ముక్కు ఎగబీల్చింది.

"అక్కా, ఆ చివర ఉన్నది చేపలా?"

"మూతలున్న డ్రమ్ములమ్మా. మధ్యలో కుర్చీలూ, విత్తనాలూ ఉన్నాయి."

"గంజి పెట్టిన నూలు చీరక్కా ఇది. పక్కింట్లో తాలింపేస్తే దీనికి తెలిసిపోద్ది. నాదేం లేదు, మా అత్తయ్య ముక్కు ఒప్పుకుంటే నేను ఒప్పుకున్నట్టే."

ఒక తెల్లచీర ఇచ్చి, దాన్ని ఆ గడిలో దండెం మీద ఆరేసి ఉంచమని, వారం పోయాక అత్తగారిని తీసుకొస్తానని చెప్పి వెళ్ళింది. ఈ సంగతి విని చేపల పిన్నిగారు భగ్గుమంది. "మా చేపకి పరీక్షా? కొండ దిగొచ్చారా ఈళ్ళు!" అన్నా, ఆ వారమంతా డ్రమ్ము మూతలు తనే రెండుసార్లు బిగించింది.

ఆ వారమంతా నాకు అదే పని. పొద్దున లేవగానే వెళ్ళి ఆ చీర వాసన చూసేదాన్ని. పిల్లల్ని బడికి పంపి మళ్ళీ చూసేదాన్ని. ఒకసారి ఏమీ లేదనిపించేది, ఇంకోసారి సముద్రమే ఉన్నట్టనిపించేది. మా ఆయన్ని వాసన చూడమంటే, "నాకు జలుబే" అని తప్పుకున్నారు.

అత్తగారు వచ్చారు. బక్కపలచని మనిషి, పెద్ద బొట్టు. ఎవరితోనూ మాట్లాడకుండా దండెం దగ్గరకు వెళ్ళి, కొంగు పట్టుకుని చూశారు. అంచు చూశారు. మడత విప్పి మధ్యలో ముక్కు పెట్టారు. తలెత్తారు.

"వాసనుంది."

పిన్నిగారు నడుం మీద చేతులేసుకుంది.

"చేప వాసనా అత్తయ్యా?" అంది కోడలు.

"చేప కాదే. కొబ్బరినూనె. ఎవరో మాటిమాటికీ దీంట్లో మొహం పెట్టారు."

అందరూ నా జడ వైపు చూశారు. ముందుగా పిన్నిగారు పక్కున నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ డ్రమ్ము మీద కూలబడింది. ఆ అత్తగారు కూడా కొంగు అడ్డం పెట్టుకున్నారు. "చేపతో భయం లేదు. ఈ అమ్మాయిని మాత్రం మా గడిలోకి రానీకండి" అన్నారు. మర్నాటి నుంచి చీరల మూటలు దిగాయి.

అదే నెలలో పార్సిళ్ళ కంపెనీ మేనేజరు వచ్చాడు. కారు దిగి, మా గేటుకు వేలాడుతున్న రకరకాల బోర్డులు చూసి, గేటు దగ్గర నేను లెక్కలు రాసుకునే టేబుల్ ముందు ఆగాడు.

"కస్టమర్లు ఇప్పుడు పొద్దున ఆర్డర్ పెట్టి సాయంత్రానికే కావాలంటున్నారు మేడమ్. హైవే షెడ్డు నుంచి వచ్చేసరికి లేటవుతోంది. మళ్ళీ ఊరి దగ్గరే ఉండాలనుకుంటున్నాం. మొత్తం గోడౌన్ తీసేసుకుంటాం, పాత పద్ధతే."

మొత్తం. ఒక మనిషి, ఒక తాళం. ఎన్ని సాయంత్రాలు మోకాళ్ళ మీద అడిగామో ఆ మాటే కారు దిగి వచ్చింది. మా ఆయన నా వైపు చూశారు. నువ్వే చెప్పు అన్నట్టుంది ఆ చూపు.

"మొత్తం లేదండీ. గోడలు కాస్త జరిపితే గేటు పక్కన ఒక గడి వస్తుంది. కావాలంటే అది తీసుకోండి."

"మేడమ్, అంత పెద్ద కంపెనీకి... పైగా లోపల చేపలున్నట్టున్నాయి?"

"ఉన్నాయండీ. మీకంటే ముందొచ్చినవాళ్ళు. వాళ్ళను లేపలేం."

లోపల నుంచి పిన్నిగారి గొంతు వినపడింది. "రానీమ్మా, రానీ! మా పొట్లాలు తీసుకుపోవడానికి మనిషి ఎదురుగానే ఉంటాడు."

అతను ఫోన్‌లో ఎవరితోనో చాలాసేపు మాట్లాడి, చివరకు ఆ గడికే సరేనన్నాడు. కారు వెళ్ళిపోయాక మా ఆయన నెమ్మదిగా అన్నారు, "నాకు కాళ్ళు వణికాయే."

"నాకూ వణికాయి. టేబుల్ అడ్డముండబట్టి ఆ మేనేజరుకు కనపళ్ళేదు."

క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం మావయ్యగారు వచ్చారు. గేటు మీద మేం కట్టిన కాగితపు నక్షత్రంలో అప్పుడే లైటు వేశాం. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్కో గడి దగ్గరా ఆగుతూ నడిచారు. తాళాలు చూశారు. చక్రాల గోడను ఒకసారి తోసి చూశారు. చేపలావిడ "దండాలండీ పెద్దాయనా" అంటే తలూపారు. నేను టేబుల్ దగ్గర లేచి నిలబడ్డాను. ఆయన వచ్చి ఎదురుగా, బేరానికొచ్చినవాళ్ళు నిలబడే చోట నిలబడ్డారు.

"మన పొలంలో మినుములు చేతికొచ్చాక దాచుకోవాలమ్మా. ఒక గడి ఉందా?"

ఆయన మొహం చూశాను. నవ్వడం లేదు. నేనూ నవ్వలేదు.

"లేదండీ మావయ్యగారూ. మాఘమాసం పెళ్ళిళ్ళకు కుర్చీలు వెళ్ళాక చూస్తాను."

ఆయన జేబులోంచి ఫోన్ తీసి, అక్కడే నిలబడి, ప్లాట్లాయనకు కలిపారు.

"ఆఁ, నేనేనండీ. గోడౌన్ అమ్మడం లేదు. లేదు లేదు, రేటు సంగతి కాదు. నాకే అందులో చోటు దొరకలేదు."

ఫోన్ పెట్టేశాక ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమోనని భయపడ్డాను. నవ్వుతున్నారు. పెళ్ళై వచ్చాక ఆయన అలా నవ్వడం నేను చూడలేదు. మా ఆయన కళ్ళు తుడుచుకుని, దుమ్ము పడిందన్నారు. కొత్తగా కడిగిన నేల మీద దుమ్మెక్కడిదో నేను అడగలేదు.

మర్నాడు పొద్దున్నే, చర్చికి బయలుదేరేముందు, పిల్లలిద్దరూ కొత్తబట్టలతో గోడౌన్‌లోకి పరుగెత్తారు, లోపలాయనకు క్రిస్మస్ చెప్పాలని. చీరల మూటలకూ కుర్చీల వరసలకూ మధ్య సందులో నిలబడి "హ్యాపీ క్రిస్మస్!" అని అరిచారు. ఏ గోడా పలకలేదు. మళ్ళీ అరిచారు. అబ్బాయి పెదవి వణికింది.

"అమ్మా, ఆయన మాట్లాడట్లేదు. వెళ్ళిపోయాడా?"

నేను కూడా ఊపిరి బిగపట్టి విన్నాను. నిజంగానే ఏ చప్పుడూ లేదు. నా మాటైనా సరే, నోట్లోంచి వచ్చిన చోటే ఆగిపోతోంది. అంత మంచి నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కాలర్ సరిచేశాను.

"ఎక్కడికీ వెళ్ళలేదు నాన్నా, ఇక్కడే ఉన్నాడు. నోటినిండా ముద్ద పెట్టుకుని మాట్లాడకూడదని మీకు రోజూ చెప్తానా లేదా? ఆయనకూ అదే చెప్పాను."